శిక్షపై అప్పీలు, 4వ పాఠం: ఇద్దరి శిక్షలను పక్కపక్కన పెట్టి చూడటం

గత పాఠంలోని అభ్యాసానికి వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకేచోట తడబడ్డాయి. ఒకరికి 8 ఏళ్లు, సహనేరస్థుడికి 6 ఏళ్లు పడ్డాయి కాబట్టి 2 ఏళ్ల అన్యాయం జరిగిందని రాశారు. అందుకే అప్పీలు ముసాయిదాను వాయిదా వేసి, ఈ తీసివేత లెక్క దగ్గరే ఆగుతున్నాను.

1984లో లోవ్ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు చూసింది తేడా ఎంత అన్నది కాదు. ఎక్కువ శిక్ష పడినవారికి న్యాయమైన ఆవేదన కలిగించేంతగా ఆ తేడా ఉందా అన్నది. ఆ ఆవేదన ఖైదీ మనసులో ఉంటే చాలదు, నిష్పాక్షికంగా చూసే మూడో మనిషికీ సబబుగా తోచాలి. సమానులను సమానంగా చూడాలనీ, సంబంధమున్న తేడాలకు తగిన విలువ ఇవ్వాలనీ 1997లో పోస్టిగ్లియోని కేసు స్పష్టం చేసింది.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. న్యూ సౌత్ వేల్స్‌లో తీవ్రమైన నేరాలకు 2018 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, కేసు పైకోర్టుకు వెళ్లకముందే నేరం ఒప్పుకుంటే 25 శాతం, ఆ తర్వాత విచారణకు కనీసం 14 రోజుల ముందు ఒప్పుకుంటే 10 శాతం, ఇంకా ఆలస్యమైతే 5 శాతం తగ్గింపు లభిస్తుంది. మీ ఉదాహరణలో 8 ఏళ్లు పడినవాడు నేరం ఒప్పుకోలేదు, రెండోవాడు మొదట్లోనే ఒప్పుకున్నాడు. 96 నెలల్లో 25 శాతం పోతే 72, అంటే సరిగ్గా 6 ఏళ్లు. ఇద్దరికీ న్యాయమూర్తి అనుకున్న తొలి శిక్ష, అంటే తగ్గింపుకు ముందున్న శిక్ష, ఒకటే కాబట్టి అక్కడ వాదనే లేదు.

దీన్ని తిరగేసి చూడండి. ఇద్దరికీ 6 ఏళ్లే పడ్డాయి, కానీ ఒకరికి 25 శాతం, మరొకరికి 10 శాతం తగ్గింపు దక్కింది. వెనక్కి లెక్కిస్తే మొదటివాడి తొలి శిక్ష 96 నెలలు, రెండోవాడిది 80. నేరానికి పథకం వేసింది రెండోవాడే అయితే, అంకెలు సమానంగా ఉన్నా అన్యాయం అక్కడే దాగి ఉంది. నేనైతే ఏ కేసులోనైనా ముందు అన్నిటినీ నెలల్లోకి మార్చి, తగ్గింపులను తీసేసి, ఆ తర్వాతే తీర్పు చదవడం మొదలుపెడతాను. పెరోల్‌కు అర్హత లేని కాలాన్ని కూడా విడిగా పోల్చాలి.

అభియోగాలు వేరైనంత మాత్రాన ఈ వాదన మూసుకుపోదని 2011లో గ్రీన్ కేసు తేల్చింది. ఇద్దరికీ శిక్ష వేసింది ఒకే న్యాయమూర్తి అయితే మాత్రం దారి కష్టం, ఎందుకంటే ఆ తేడాను ఆయన తెలిసే పెట్టారు.

అభ్యాసం: వాహనం నడిపిన వ్యక్తి మొదట్లోనే ఒప్పుకున్నాడు, శిక్ష 54 నెలలు. పథకం వేసినవాడు విచారణ నాడు ఒప్పుకున్నాడు, శిక్ష 57 నెలలు. తక్కువ శిక్ష పడినవాడి తరఫున అప్పీలు కారణాన్ని ఒక్క పేరాలో రాయండి, ఆ తర్వాత ప్రాసిక్యూషన్ తరఫున దానికి జవాబు రాయండి.