గిట్ స్క్రిప్టులో ముందు గ్రెప్‌ను వెతకండి

గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే సాధనం) పనులు చేసే షెల్ స్క్రిప్టును, అంటే వరుసగా నడిచే ఆదేశాల ఫైలును చక్కదిద్దేటప్పుడు, అందులో గ్రెప్ (వచనంలో మాటలు వెతికే ఆదేశం) ఎక్కడెక్కడ ఉందో ముందు చూడండి. గ్రెప్ తరచూ వెతికేది ఫైళ్ల స్థితి చెప్పే 'గిట్ స్టేటస్' వాక్యాల్లోనే, కానీ అవి మనుషులు చదవడానికి ఉద్దేశించినవి. కంప్యూటర్ భాష మారితే అవీ మారవచ్చు. నా పాత స్క్రిప్టు ఒకటి ఇలాగే, కమిట్ చేయని (గిట్ చరిత్రలో ఇంకా చేర్చని) మార్పులు ఉన్నా ఏమీ లేవనుకుని ముందుకు సాగిపోయింది.

గ్రెప్ బదులు 'గిట్ స్టేటస్'కు పోర్సెలిన్ ఆప్షన్ (--porcelain) జోడించండి, అది స్క్రిప్టులు చదవడానికి వీలైన రూపంలో ఫలితం ఇస్తుంది. గిట్ వెర్షన్ మారినా, వాడేవారి సెట్టింగులు వేరైనా ఫలితం రూపం మారదు. అది ఖాళీగా వస్తే మార్పులు లేనట్టే. కొందరు మార్పులను పోల్చి చూపే 'గిట్ డిఫ్'కు క్వైట్ ఆప్షన్ (--quiet) ఇచ్చి సరిపెడతారు కానీ, గిట్ ఇంకా ట్రాక్ చేయని కొత్త ఫైళ్లు దాని కంటపడవు. అందుకే నాకు పోర్సెలిన్ మీదే నమ్మకం. ఫైళ్ల పేర్లు కూడా కావాలంటే జెడ్ ఆప్షన్ (-z) కలపండి. అప్పుడు పేర్ల మధ్య సున్నా బైటు వస్తుంది కాబట్టి, పేరులో ఖాళీలున్నా చిక్కు ఉండదు.

'గిట్ బ్రాంచ్' జాబితాలో ప్రస్తుత బ్రాంచి (ఇప్పుడు పని సాగుతున్న శాఖ) పేరు ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది, ఆ పేరు కోసం గుర్తును కత్తిరించే వరుసలుంటే తీసేయండి. 2019లో వచ్చిన 2.22 వెర్షన్ నుంచి 'గిట్ బ్రాంచ్'కు షో-కరెంట్ ఆప్షన్ (--show-current) ఉంది. అది పేరు ఒక్కటే ఇస్తుంది.