విమానం లేని ఊళ్ళో విమానాల క్లబ్బు

పుష్పక్‌నో టైగర్ మాత్‌నో షెడ్డులోంచి తోసుకొచ్చి, ప్రొపెల్లర్ చేత్తో తిప్పి ఎగరేసే భాగ్యం విజయవాడ, గుంటూరు వాళ్ళకు లేదు. ఇక్కడ పాత విమానాల క్లబ్బు పెట్టుకుంటే విమానం ఉన్నచోటికి మనమే వెళ్ళాలి. అందుకే ఈ క్లబ్బు పనిలో సగం రైలు టిక్కెట్లు, టిఫిన్లు, తలల లెక్క. ఆ సగం చెడితే అంతదూరం వెళ్ళి చూసిన విమానం కూడా ఎవరికీ గుర్తుండదు. ఆకలి మాత్రం గుర్తుంటుంది.

నెలకోసారి కూర్చోవడం

మొదటి ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా పెట్టుకోండి. సాయంత్రాలు పెట్టుకుంటే పెళ్ళిళ్ళూ ఫంక్షన్లూ మనుషుల్ని ఎత్తుకుపోతాయి. హోటల్లో కూర్చుంటే అరగంటకోసారి సర్వర్ వచ్చి నిలబడతాడు, మాట తెగిపోతుంది. స్కూలు గదో, అపార్టుమెంటు మీటింగు హాలో అడిగితే చాలు. తెల్లగోడ ఉంటే ప్రొజెక్టరుకు తెర కొననక్కర్లేదు, కానీ తూర్పు కిటికీకి ముదురు దుప్పటి కట్టాలి. లేకపోతే ఆ వేళకు గోడమీద బొమ్మ కనపడదు.

ఒక నెలకు ఒకే విమానం. ఒకరు నలభై నిమిషాలు, ఇరవై ఫొటోలతో చెప్పాలి. తలా ఒక వీడియో తెస్తామంటే మొదట్లోనే వద్దనండి. మూడో వీడియోకే సగం మంది ఫోన్లు తీస్తారు. ఏ నెల ఏది అన్నది తేదీలే చెబుతాయి. ఫిబ్రవరి అయితే 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున దాటి నైనీకి రెండంతస్తుల రెక్కల హంబర్ బైప్లేన్‌లో హెన్రీ పెకే ఉత్తరాల సంచీ మోసుకెళ్ళిన సంగతి. అక్టోబరు అయితే 8న వైమానిక దళ దినం, 15న 1932లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపా తెచ్చిన రోజు. డిసెంబరు 17 రైట్ సోదరులది, అది అందరికీ తెలిసిందే కాబట్టి కొత్తవాళ్ళకు వదిలేయండి.

చివరి అరగంట నీడబొమ్మల ఆట ఆడించండి. విమానం ఫొటోను నల్లగా నింపి ఐదు సెకన్లు చూపాలి. గుర్తుపట్టే వరుస ఇది: ముందు రెక్క ఒంటికి పైనుందా కిందనుందా, తర్వాత ఇంజన్లు ఎన్ని, ఎక్కడ, ఆ తర్వాత తోక. రంగులు, పేర్లు చూసి గుర్తుపట్టడం అలవాటైనవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో తిరిగిన ఆవ్రో 748, ఫోకర్ ఫ్రెండ్‌షిప్ రెండూ రెండేసి ప్రొపెల్లర్ ఇంజన్లవే. ఆవ్రోకు రెక్క కింద, ఫోకర్‌కు పైన. ఆ ఒక్కటి చూస్తే చాలు. వైమానిక దళం రవాణా విమానం ఏఎన్-32కు రెక్క పైనే ఉంటుంది, ఇంజన్లు ఆ రెక్కకు కూడా మీదుగా ఎత్తుగా కూర్చుంటాయి. డకోటా అయితే నేలమీద తోకచక్రం మీద వెనక్కి వాలి నిలబడుతుంది.

పెద్దవాళ్ళ దగ్గర పాత టిక్కెట్లు, బోర్డింగు కార్డులు, ఫొటోలు ఉంటాయి. వాటిని ఇంటికి పట్టుకుపోకండి, అక్కడికక్కడే ఫోనుతో తీసుకోండి. మెరిసే ఫొటోకు ఫ్లాష్ వేస్తే తెల్లమచ్చ పడుతుంది. కిటికీ పక్కన నేలమీద పరిచి, నిటారుగా పైనుంచి తీయాలి. వెనకవైపు రాత ఉంటే అదీ తీయాలి. చాలాసార్లు ఫొటోకన్నా ఆ రాతే విలువైనది.

గన్నవరం దగ్గర పొద్దుపూట

కొత్త సభ్యుల్ని మొదట తీసుకెళ్ళాల్సింది గన్నవరానికే. పాత విమానాలు దొరకవు గానీ కన్ను తయారవుతుంది. అక్కడి రన్‌వే అంకెలు 08, 26. సున్నా చేర్చి చదివితే 80 డిగ్రీలు, 260 డిగ్రీలు, అంటే దాదాపు తూర్పు పడమరలు. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. కాబట్టి చలికాలం ఈశాన్యగాలి వీస్తుంటే పడమట, అంటే విజయవాడ వైపు నుంచి దిగడం ఎక్కువ. జూన్ తర్వాత పడమటి గాలి తిరిగితే తూర్పు వైపు నుంచి వస్తాయి. బయల్దేరేముందు గాలి ఎటుందో చూడకుండా వెళ్ళి, తప్పు కొసన రెండు గంటలు నిలబడి, అన్నీ అవతలి నుంచి దిగుతుంటే చూసి రావడం ప్రతి క్లబ్బుకూ ఒకసారి జరుగుతుంది. రన్‌వేకు దక్షిణంగా ఉంటే ఎండ వీపున పడుతుంది, ఫొటో బాగా వస్తుంది.

జాతీయ రహదారి అంచున బండి ఆపొద్దు. ప్రహరీ పక్కన గుంపుగా నిలబడొద్దు, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. విమానాశ్రయం లోపల ఫొటోలకు అనుమతి కావాలి, అడగకుండా తీయకండి. ఊరిదారిలో, పొలం గట్టున ఆరుగురికి మించకుండా నిలబడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఎవరైనా వచ్చి అడిగితే వాదన పెట్టుకోకుండా పేరు, ఫోను నంబరు చెప్పి, వెళ్ళమంటే వెళ్ళిపోవాలి.

అక్కడ దిగే ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానాన్ని ఫోనుతో తీస్తే ప్రొపెల్లర్ రేకులు వంకర అరటికాయల్లా వస్తాయి. ఫోను బొమ్మను ఒక్కసారిగా కాక వరుసవరుసగా చదువుతుంది కాబట్టి ఆ లోపు రేకు కదిలిపోతుంది. పెద్ద కెమెరాలో షట్టర్ 1/250 సెకను దగ్గర పెడితే రేకులు తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. 1/1000 దాటితే ఇంజను ఆగిపోయినట్టుంటుంది.

విశాఖ ప్రయాణం

ఏడాదిలో పెద్ద కార్యక్రమం ఇదే. బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం ఉంది. మధ్యాహ్నాలు తెరిచే వేళకు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ సరిగ్గా కుదురుతుంది. తెల్లవారి విజయవాడలో ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో దిగుతారు. భోజనం చేసి రెండింటికల్లా బీచ్ రోడ్డుకు చేరొచ్చు. సోమవారం సెలవు, ఆదివారం వేళలు వేరు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ జనం గురించి చెప్పక్కర్లేదు. శనివారం పెట్టుకోండి. వెళ్ళే వారం వేళలు మళ్ళీ ఒకసారి కనుక్కోండి.

ఇరవై నాలుగుమంది మంచి లెక్క. రైల్వే వాళ్ళు ఒక టిక్కెట్టు మీద ఆరుగురినే రాస్తారు కాబట్టి నాలుగు టిక్కెట్లు, నాలుగు జట్లు, జట్టుకో పెద్ద. పెట్టెలో, బీచ్‌లో, భోజనం దగ్గర ఎవరి ఆరుగురిని వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. ఇరవై నాలుగుమందినీ ఒక్కరే లెక్కపెడితే ఎప్పుడూ ఒకరు తక్కువొస్తారు, చాలాసార్లు ఆ ఒక్కరు లెక్కపెట్టేవాడే. బుకింగు 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ రోజు పొద్దున్నే చేసేయాలి. గుంటూరు వాళ్ళు ముందురోజు రాత్రే విజయవాడ వచ్చి పడుకోవడం మేలు. తెల్లవారుజామున బస్సు పట్టుకుని వస్తామనేవాళ్ళలో ఇద్దరికి రైలు తప్పుతుంది.

తిరుగు ప్రయాణంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. అర్ధరాత్రి పన్నెండు దాటాక బయల్దేరే రైలుకు శనివారం తేదీ వేసి బుక్ చేస్తారు, అది అంతకుముందు రాత్రి రైలు. ఆదివారం తేదీ వేయాలి. రెండోది, కొన్ని రైళ్ళు విశాఖ స్టేషనుకు రావు, దువ్వాడలో ఆగి వెళ్ళిపోతాయి. ఎక్కే స్టేషను పేరు చదవకుండా బుక్ చేస్తే రాత్రిపూట ఇరవై నాలుగుమందిని ఆటోల్లో దువ్వాడ చేర్చడం మీ పని అవుతుంది. రాత్రి తొమ్మిది దాటాక విశాఖలోనే ఎక్కే రైలు చూసుకోండి.

ముందు విమానం, తర్వాత జలాంతర్గామి. విమానం లోపల నడవ ఇరుకు, జట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు మెట్లుంటాయని ముందే చెప్పండి. వాళ్ళు కిందే ఎక్కువసేపు గడపొచ్చు, అసలు చూడాల్సింది కూడా అక్కడే ఎక్కువ.

పిల్లల్ని ప్రొపెల్లర్ రేకులు లెక్కపెట్టమనండి. ఒకరు పదహారంటారు, ఒకరు ఇరవై నాలుగంటారు. ముప్ఫై రెండు వచ్చేదాకా ఒప్పుకోవద్దు. ఇంజన్లు నాలుగే, కానీ ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రేకులు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది ఎదురువైపు తిరుగుతుంది. ముందు ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెట్టడంతోపాటు కవ్వంలా సుడి తిప్పుతుంది. సుడిలో పోయిన బలం వృథా. వెనకది ఆ సుడిని విప్పి మళ్ళీ తోపుగా మారుస్తుంది. ఒక్కో ఇంజను దాదాపు 15,000 అశ్వశక్తిది. అంత బలాన్ని ఒక్క ప్రొపెల్లర్‌తో గాలికి అందించాలంటే అది నేలకు తగిలేంత పెద్దదవ్వాలి. తర్వాత పక్కకు తీసుకెళ్ళి రెక్క చూపండి. జెట్ విమానానికి మల్లే వెనక్కి వాలి ఉంటుంది, ప్రొపెల్లర్ విమానాల్లో ఇది అరుదు. నౌకాదళానికి ఈ రకం 1988లో ఎనిమిది వచ్చాయి. జలాంతర్గాముల్ని వెతకడం వాటి పని. 2017 మార్చి 29న అరక్కోణంలో సెలవు తీసుకున్నాయి, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియం తెరిచారు. సముద్రంలోకి జారవిడిచి జలాంతర్గామి చప్పుడు వినే సోనోబాయ్‌ల దగ్గర ఐదు నిమిషాలు ఆగితే, రోడ్డు దాటి కురుసుర చూడ్డానికి అర్థం వస్తుంది. వెతికేదీ, దాక్కునేదీ ఎదురెదురుగా ఉన్నాయన్నమాట.

డబ్బు ముందే వసూలు చేయండి, అంచనాకు పదోవంతు కలిపి. టిక్కెట్టు కొన్నాక మానుకున్నవాళ్ళకు రైల్వే తిరిగిచ్చినంతే ఇస్తామని అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెప్పాలి. లెక్క మంగళవారం లోపు గ్రూపులో పెట్టేయండి. వారం దాటితే ఎవరూ చదవరు, అందరూ అనుమానిస్తారు.

చిన్నవి రెండు

ఒంగోలు వైపు పదహారో నంబరు జాతీయ రహదారి మీద అద్దంకి దగ్గర వైమానిక దళం అత్యవసరంగా దిగడానికి కాంక్రీటు పట్టీ ఉంది. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. 2024 మార్చి 18న సుఖోయ్-30 యుద్ధవిమానంతో పాటు ఏఎన్-32 కూడా అక్కడికి వచ్చింది. దానికోసమే ప్రత్యేకంగా వెళ్ళొద్దు, ఒంగోలు పని ఉన్నప్పుడు ఆగకుండా దాటుతూ చూస్తే చాలు. బేగంపేటలో రెండేళ్ళకోసారి జరిగే వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనకు టెంపో ట్రావెలర్ మాట్లాడేటప్పుడు తెలంగాణ పర్మిట్, టోలు, డ్రైవరు బత్తా రేటులో కలిశాయో లేదో అడగండి.

కార్తీక వనభోజనం, గ్లైడర్లు

కుటుంబాలు వచ్చేది దీనికే. ఉసిరిచెట్టు, పక్కన ఖాళీ మైదానం రెండూ ఉన్న తోట చూసుకోండి. ముప్ఫైమందికి పులిహోరకు మూడు కిలోల బియ్యం, పెరుగన్నానికి కిలోన్నర, ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు మూడు. పెరుగన్నంలో తోడుకు కొద్దిగా పెరుగు వేసి, మిగతా అంతా కాచి చల్లార్చిన పాలు పోసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు.

పిల్లలకు గ్లైడర్ల పోటీ. ఇరవైమంది ఉంటే పాతిక సెట్లు ముందురోజే కోయండి. ఐదు మిల్లీమీటర్ల థర్మాకోల్ షీటులో రెక్క 30 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు. తోక 10కి 4. నిలువు రెక్క 4కి 4. ఒంటికి 26 సెంటీమీటర్ల వెదురు కబాబు పుల్ల. పాత బ్లేడుతో కోస్తే థర్మాకోల్ పూసలుగా రాలుతుంది, కొత్తది వాలుగా పట్టి లాగాలి. ముక్కు నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర రెక్క ముందంచు, కొసన తోక, దానిమీద నిలువు రెక్క.

ఫెవిక్విక్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది, చెప్పుల జిగురూ అంతే. తెల్ల ఫెవికాలే వాడాలి, కానీ అది ఆరడానికి రాత్రంతా పడుతుంది. అందుకే ముందురోజు పని. రెక్క మధ్యలో అడుగున సగం లోతు గాటు పెట్టి, రెండు చివర్లనూ రెండున్నర సెంటీమీటర్లు పైకెత్తి, తెరుచుకున్న గాటులో ఫెవికాల్ నింపి, మీద టేపు వేయండి. ఈ వంపు లేకపోతే గ్లైడర్ ఒకపక్కకు ఒరిగి, మళ్ళీ లేవకుండా నేలకు దిగుతుంది.

రెక్క ముందంచు నుంచి 2 సెంటీమీటర్ల వెనక రెండువైపులా వేలికొసల మీద నిలబెట్టండి. అడ్డంగా నిలిచేదాకా ముక్కుకు బంకమట్టి అద్దాలి. ఆ తర్వాత విసరడం: నేలకు సమంగా, ముక్కు కొంచెం కిందికి, మెల్లగా. పిల్లలు క్రికెట్ బంతిలా విసురుతారు, అది చక్రం కొట్టి వెనక్కొస్తుంది. ఎగిసి, ఆగి, ముక్కు మీద పడుతుంటే ముక్కుకు ఇంకాస్త మట్టి. సూటిగా నేలలోకి పోతుంటే మట్టి తీయండి, అప్పటికీ తగ్గకపోతే తోక వెనకంచును ఒక మిల్లీమీటరు పైకి వంచండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండూ కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు.

పొద్దున ఎనిమిదింటికల్లా పోటీ ముగించండి, ఆ తర్వాత గాలి లేస్తుంది. దూరానికి బదులు గాల్లో ఉన్న సెకన్లకు బహుమతి ఇవ్వండి. దూరానికిస్తే బలమున్న పెద్దపిల్లలే గెలుస్తారు. విరిగిన రెక్కకు రెండువైపులా టేపు వేస్తే సరిపోతుంది, కానీ టేపు బరువు వల్ల రెక్క అటు ఒరుగుతుంది. అవతలి రెక్కకూ అంతే టేపు వేయాలి.