ఉప్పునేలలో గన్నేరు పెంపకం

సముద్రతీరపు ఇసుకనేలలోనో, బోరు వేస్తే ఉప్పునీరే పడే ఊళ్లలోనో గులాబీ పెంచబోయి, ఆకుల అంచులు మాడిపోవడం చూసి పూలతోట మీదే ఆశ వదులుకున్నవారు చాలామంది ఉంటారు. అటువంటి పెరటికి నేను మొదట సూచించేది గన్నేరు. దాని ఆకు అడుగున శ్వాసరంధ్రాలు సన్నని నూగుతో నిండిన చిన్న గుంటలలో దాగి ఉంటాయి కనుక, వడగాలి వీచినా మొక్క తనలోని నీటిని తొందరగా పోగొట్టుకోదు.

అయితే నాటే ముందు ఒక విషయం తప్పక తెలిసి ఉండాలి. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఆ విషం గుండె లయను దెబ్బతీస్తుంది, ఆకు ఎండినంత మాత్రాన పోదు. కాబట్టి పశువులు మేసే దారిలో గాని, పసిపిల్లలు ఆడుకునే చోట గాని దీనిని నాటకూడదు. కత్తిరించిన కొమ్మలను కాల్చకూడదు, ఎందుకంటే పొగ కూడా హాని చేస్తుంది. పూజకు పూలు కోసే పిల్లలకు వెంటనే చేతులు కడుక్కునే అలవాటు నేర్పాలి. ఎవరైనా పొరపాటున నమిలితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోక నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మొక్కను కొమ్మతోనే సులభంగా పెంచవచ్చు. పెన్సిలంత లావున్న, సగం ముదిరిన కొమ్మను 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు తీసివేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచితే కొన్ని వారాలలో వేళ్లు వస్తాయి. వానలు మొదలయ్యాక నేలలో నాటడం మంచిది. అప్పుడు పైమట్టిలోని ఉప్పును వాన నీరే కిందికి కడిగివేస్తుంది. రోజంతా ఎండ తగలాలి, మొక్కల మధ్య కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఉండాలి.

నీటి విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. ఉప్పునీటిని రోజూ కొద్దికొద్దిగా చల్లితే, నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం వేళ్ల చుట్టూ పేరుకుంటుంది. దానికి బదులు, మొదటి ఏడాది మట్టి పైభాగం ఆరిన తరువాతే, పాదు నిండి నీరు లోతుకు ఇంకేలా పోయాలి. బాగా వేరూనిన మొక్కకు వేసవిలో సైతం అప్పుడప్పుడు నిండుగా తడిపితే చాలు. పాదు మీద ఎండుటాకులు పరిస్తే ఆవిరి తగ్గి, ఉప్పు పైకి రావడమూ తగ్గుతుంది. కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తే, అడుగు రంధ్రం నుంచి ధారగా కారేవరకు మంచినీరు పోయాలి. రసాయన ఎరువులు కూడా లవణాలే కనుక వాటిని మాని, ఏడాదికి ఒకసారి బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది.

పూలు కొత్త చిగుళ్ల కొనలలో పూస్తాయి కాబట్టి, ఒక విడత పూత అయిపోగానే కొమ్మలను మూడోవంతు కత్తిరించాలి. ఆ పని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, కొమ్మల నుంచి కారే రసం కంట పడకుండా చూసుకోవాలి. లేత చిగుళ్ల మీద పసుపు రంగు పేనుబంక చేరితే నీటిధారతో కొట్టి కడిగివేయాలి; తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.