పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారా? ఏ ప్రచారానికి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో లెక్క తేల్చడం ఎలా?

మా పిన్ని వాళ్లకి ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టుంది. బోర్లించిన కుండ మీద, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి పరిచి రేకు తీయడం ఆవిడ పని. వాటి ఫోటోలు, వీడియోలు పెట్టి ఆన్‌లైన్ ఆర్డర్లు తేవడం నా పని. ఆవిడకి చెయ్యి తిరిగింది, నాకు చాలాకాలం తిరగలేదు. ఒకసారి ఒక రీల్‌ని డబ్బు కట్టి బూస్ట్ చేస్తే లైకులు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. సంబరంగా చూపిస్తే పిన్ని అడిగింది: "బానే ఉందిరా, దీనివల్ల ఎన్ని డబ్బాలు వెళ్లాయి?" నా దగ్గర జవాబు లేదు. ఆ వారం డబ్బాలు వెళ్లాయి, కానీ రీల్ చూసి కొన్నారో, పెళ్లిళ్ల సీజన్ అని కొన్నారో ఎలా తెలుస్తుంది?

ఆ ప్రశ్నకు జవాబు దొరికే దారి ఇది. కడియంలో మొక్కలు అమ్మేవాళ్లకైనా, నరసాపురంలో లేసు అమ్మేవాళ్లకైనా ఇదే పనికొస్తుంది.

1. ముందు ఆర్డర్ల పుస్తకాన్ని షీట్‌లోకి ఎక్కించండి

అందరూ పెద్ద టూల్స్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే అది తప్పు. మీ దగ్గరున్న అసలైన డేటా కొట్లోని ఆర్డర్ల పుస్తకమే. గూగుల్ షీట్స్‌లో ఆరు కాలమ్‌లు చాలు: తేదీ, పిన్ కోడ్, రకం (పంచదార, బెల్లం, డ్రై ఫ్రూట్), మొత్తం, కొత్త కస్టమరా పాతవారా, ఎక్కడ చూసి వచ్చారు.

పిన్ కోడ్ దగ్గర బద్ధకించకండి. అందులో మొదటి మూడంకెలు చాలు, ఏ వైపు నుంచి ఆర్డర్ వస్తోందో తెలిసిపోతుంది. 500 అయితే హైదరాబాద్, 560 అయితే బెంగళూరు, 533 అయితే మన రాజమండ్రి, అమలాపురం వైపు. మూడు నెలల ఆర్డర్లు ఎక్కించాక ఇన్సర్ట్ మెనూలో పివట్ టేబుల్ (ఆర్డర్లను గుంపులుగా లెక్కగట్టి చూపే పట్టిక) తీసి, వరుసల్లో పిన్ కోడ్ మొదటి మూడంకెలు, కాలమ్‌లలో రకం పెట్టండి. బెల్లం పూతరేకులు ఏ ఊరికి పోతున్నాయో, పంచదారవి ఏ ఊరికి పోతున్నాయో కళ్లముందు ఉంటుంది. మాకు ఇది చూశాకే, ఒకే యాడ్‌ని అన్ని ఊళ్లకీ చూపించడం మానేయాలని అర్థమైంది.

2. ప్రతి లింకుకీ ఒక గుర్తు పెట్టండి

అసలు కీలకం ఇక్కడుంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

వెబ్‌సైట్ లేకపోయినా ఫర్వాలేదు. వాట్సాప్‌కి నేరుగా తీసుకెళ్లే చాట్ లింకులో, కస్టమర్ పంపబోయే మెసేజ్‌ని ముందే నింపి ఉంచే వీలుంది. ఇన్‌స్టాగ్రామ్ బయోలో పెట్టే లింకులో "ఇన్‌స్టాలో చూశాను, పూతరేకుల ధరలు చెప్పండి" అని, డబ్బా మీద అతికించే క్యూఆర్ కోడ్‌లో "మళ్లీ ఆర్డర్ కావాలి" అని, ఫేస్‌బుక్ యాడ్‌కి ఇంకోటి. మెసేజ్ మొదటి మాటలోనే మనిషి ఎటునుంచి వచ్చారో తెలిసిపోతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఆ చాట్‌కి లేబుల్ తగిలించి, షీట్‌లో ఆరో కాలమ్ నింపండి. కొందరు ఆ మాటలు చెరిపేసి "హాయ్" అని పెడతారు. వాళ్లని మర్యాదగా అడిగేయడమే.

వెబ్‌సైట్ ఉంటే యూటీఎం ట్యాగులు వాడాలి. లింకు చివర మూడు ముక్కలు చేరుస్తారు: సోర్స్ (ఎక్కడి నుంచి), మీడియం (ఏ రూపంలో), క్యాంపెయిన్ (ఏ ప్రచారం). చేత్తో రాయక్కర్లేదు, గూగుల్ వారి క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్‌లో నింపితే లింకు తయారై వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరంతో రాసిన ఫేస్‌బుక్, చిన్న అక్షరంతో రాసిన ఫేస్‌బుక్, సైట్‌కి ఎవరు ఎటునుంచి వచ్చారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌కి వేర్వేరు. నేనొక పేరు, మా తమ్ముడొక పేరు పెట్టి రిపోర్టంతా కలగాపులగం చేశాం. ఎప్పుడూ చిన్న అక్షరాలే అని ముందే మాటనుకోండి.

ట్యాగ్ లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో పంచిన లింకుల్ని నొక్కి వచ్చినవాళ్లు రిపోర్టులో చాలావరకు "డైరెక్ట్" కింద పడతారు. డైరెక్ట్ ఎక్కువుంటే మన పేరు తెలిసి నేరుగా వచ్చారని మురిసిపోకండి.

3. గూగుల్ అనలిటిక్స్‌లో మూడే మూడు పనులు

పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులైలో ఆగిపోయింది. ఇప్పుడున్నది జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4). సైట్‌లో దాని ట్యాగ్ (వచ్చినవాళ్లను లెక్కపెట్టే చిన్న కోడ్) వేశాక ఇవి చూసుకోండి.

సెట్టింగ్స్‌లో డేటా రిటెన్షన్ (పాత డేటాను ఎంతకాలం దాచాలన్నది) మామూలుగా 2 నెలలే ఉంటుంది, దాన్ని 14 నెలలకు మార్చండి. లేకపోతే పోయిన దీపావళినీ ఈ దీపావళినీ ఎక్స్‌ప్లోర్ (మనమే తయారుచేసుకునే) రిపోర్టుల్లో పోల్చి చూడలేరు. తర్వాత, వాట్సాప్ ఆర్డర్ బటన్ నొక్కడాన్ని విడిగా ఒక ఈవెంట్‌గా పెట్టి, దాన్ని కీ ఈవెంట్‌గా (మనకు ముఖ్యమైన చర్యగా) గుర్తించండి. ఇక రోజూ చూడాల్సింది ట్రాఫిక్ అక్విజిషన్ రిపోర్టు ఒక్కటే. ఏ సోర్స్ నుంచి ఎంతమంది వచ్చారో, వాళ్లలో ఎందరు బటన్ నొక్కారో అందులో ఉంటుంది. నిన్నటి లెక్కలు ఇవాళ పూర్తిగా కనబడకపోతే టెన్షన్ పడకండి, సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

4. జనం ఏమని వెతుకుతున్నారో చూడండి

గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో, మీ సైట్ ఏయే మాటలకు గూగుల్‌లో కనబడిందో, ఎన్నిసార్లు నొక్కారో 16 నెలల వెనక్కి దొరుకుతుంది. ఎక్కువసార్లు కనబడి తక్కువ క్లిక్కులు వచ్చిన మాట ఉంటే, ఆ పేజీ టైటిల్ మార్చండి. "పూతరేకులు ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి" లాంటి ప్రశ్న కనిపిస్తే దానికొక పేజీ రాయండి. ఒక మాటను ఎప్పుడు ఎక్కువగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్ కూడా చూడొచ్చు, కానీ అందులో 100 అంటే వంద మంది అని కాదు, ఆ కాలంలో ఎక్కువగా వెతికిన సమయం అని.

5. ఆర్డర్‌కి ఎంత పడిందో తేల్చండి

ఒక యాడ్‌కి 1,200 రూపాయలు పెడితే 8 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. ఆర్డర్‌కి 150 పడింది. డబ్బాకి నెయ్యి, రేకు, కూలి, కొరియర్ పోగా మిగిలేది 120 అయితే, ఆ యాడ్ ఎంత బాగా ఆడినా చేతి చమురు వదిలినట్టే. కానీ ఆ 8 మందిలో ముగ్గురు మళ్లీ మళ్లీ కొంటుంటే లెక్క మారుతుంది. కొత్తా పాతా అన్న కాలమ్ అందుకే. మార్పు చేసేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఫోటో, ధర, ఊరు మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు.

మా షీట్‌లో బయటపడ్డ ఒక విషయం చెబుతాను. సంక్రాంతి వారం హైదరాబాద్ ఆర్డర్లు పడిపోతున్నాయి. యాడ్ బాలేదేమోనని కంగారుపడ్డాం. తీరా చూస్తే ఆ పిన్ కోడ్‌ల వాళ్లు సగంమంది పండక్కి ఊళ్లకే వచ్చి, వెళ్తూవెళ్తూ కొట్టు దగ్గరే కారు ఆపి కొంటున్నారు. అందుకని ఆ వారం హైదరాబాద్ యాడ్ ఆపేసి, రావులపాలెం చుట్టూ 40 కిలోమీటర్ల లోపు ఫోన్లకే చూపిస్తున్నాం, కొట్టుకు దారి చూపే మ్యాప్ లింకుతో సహా.