పన్నెండో తరగతి ముగిస్తున్న పిల్లల పరిచయాలు రాయడం ఎలా?

అమెరికాలోని తెలుగు సంఘాలు, తెలుగు బడులు వెలువరించే ప్రత్యేక సంచికల్లో, ఆ ఏడాది హైస్కూలు చదువు పూర్తిచేసిన పిల్లల పరిచయాలకు కొన్ని పుటలు కేటాయించడం చాలా ఊళ్లలో ఆనవాయితీ. నేను కొన్నేళ్లుగా అటువంటి పుటలను చూసుకుంటున్నాను. ఫొటో, పేరు, తల్లిదండ్రుల పేర్లు, పది కార్యక్రమాల జాబితా, చివర డాక్టరో ఇంజనీరో కావాలన్న ఆశయం. పుట తిప్పేకొద్దీ ముఖాలు మారతాయి గాని మాటలు మారవు. ఒక పరిచయానికి ఎనభై నుంచి నూట ఇరవై మాటలు సరిపోతాయి. అయితే ఆ మాటలు ఆ ఒక్క అమ్మాయికో అబ్బాయికో తప్ప పక్క పుటలోని వారికి అతకకూడదు. ఆ పని ఎలా చేయవచ్చో, ఈసారి ఆ బాధ్యత నెత్తికెత్తుకున్న వారి కోసం రాస్తున్నాను.

ముందు ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. మొదటి ఏడాది నేను ప్రశ్నపత్రాన్ని తల్లిదండ్రులకే పంపాను. ఒక తండ్రి తన కుమార్తె వైద్యురాలు కావాలనుకుంటోందని రాసి పంపితే, అలాగే అచ్చువేశాం. సంచిక విడుదలైన సాయంత్రం ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “ఆంటీ, ఇది మీకు ఎవరు చెప్పారు?” అని మెల్లగా అడిగింది. ఆమె అప్పటికే భూగర్భ శాస్త్రం చదవడానికి ఒక విశ్వవిద్యాలయంలో చేరిపోయింది. తండ్రి అబద్ధం చెప్పలేదు. రెండేళ్ల కిందటి మాటను ఇప్పటి మాటగా రాశారు, అంతే. ఆనాటి నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడనిదే ఒక్క వాక్యమూ రాయడం లేదు. తల్లిదండ్రుల దగ్గర పేర్ల వర్ణక్రమం, చిన్ననాటి సంగతులు, ఫొటోలు తీసుకుంటాను. ఆశయం మాత్రం ఎవరిదో వారి నోటనే వినాలి.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. హైస్కూలు అంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు. చివరి ఏడాది పిల్లలను సీనియర్లు అంటారు. ఎక్కువ కళాశాలల నిర్ణయాలు మార్చి నెలాఖరుకు గాని రావు, చేరతామని చెప్పి అడ్వాన్సు కట్టడానికి చాలాచోట్ల మే 1 గడువు. ఆ తరువాత కూడా వెయిటింగ్ లిస్టులో ఉన్న కొందరి గమ్యం మారుతుంది. మే మొదటి రెండు వారాలూ ఎ.పి. (హైస్కూల్లోనే చదివే కళాశాల స్థాయి కోర్సుల) పరీక్షలతో గడిచిపోతాయి. అందువల్ల మే మూడో వారంలో మాట్లాడితే పిల్లలకు తీరికా ఉంటుంది, చెప్పే మాటకు స్థిరత్వమూ ఉంటుంది. మీ సంచిక ఉగాదికే వెలువడేదైతే కళాశాల పేరును వదిలేయడమే మంచిది. ఏప్రిల్‌లో ఒక పేరు అచ్చువేసి, జూన్‌లో ఆ పిల్లవాడు మరోచోట చేరితే, కనిపించిన ప్రతివారికీ అతను సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఏం అడగాలి?

“నీ యాక్టివిటీస్ చెప్పు” అని అడిగితే జాబితాయే వస్తుంది. ఆ జాబితా వారి దగ్గర సిద్ధంగా ఉంటుంది, ఎందుకంటే కళాశాలల దరఖాస్తుకు ఎక్కువమంది వాడే కామన్ యాప్‌లో పది కార్యక్రమాల వరకు నింపే చోటుంది, ఒక్కొక్కదాని వివరణకు 150 అక్షరాలకు మించి అనుమతించరు. ఆ ఇరుకులో పట్టించడానికి పిల్లలు క్రియలనూ సందర్భాలనూ చెక్కేసి, పదవులనూ అంకెలనూ మిగుల్చుకుంటారు. ప్రవేశాల అధికారికి అది చాలు. మన ఊరివారికి చాలదు. ఆ జాబితాను తెలుగులోకి మార్చి అచ్చువేయడం పరిచయం రాయడం కాదు.

నేను ఫోనులో పదిహేను నిమిషాలు మాట్లాడతాను, వారికి ఏ భాష సులువైతే ఆ భాషలో. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: “ఈ నాలుగేళ్లలో ఎవరూ గుర్తుచేయకపోయినా నీ అంతట నువ్వు వెళ్లిన పని ఏది?” దీనికి వచ్చే జవాబులో సగం పరిచయం దొరుకుతుంది. తరువాత, అక్కడ ఒక మామూలు రోజున తను చేసిన పని ఏమిటో అడుగుతాను. రోబోటిక్స్ జట్టులో ఉన్నానని చెప్పిన పిల్లవాడు, పోటీకి ముందు రాత్రి ఊడిపోయిన తీగలను వెతికి పట్టుకునేది తనేనని అప్పుడు చెబుతాడు. మధ్యలో మానేసింది ఏమైనా ఉందా అన్న ప్రశ్నకు చాలామంది తడబడతారు. అచ్చువేయనని మాట ఇచ్చి అడిగితే మనసు విప్పుతారు, వారు దేన్ని వదిలి దేన్ని పట్టుకున్నారో మనకు అర్థమవుతుంది. చివరగా, వచ్చే ఏడాది ఈ వేళకు ఏం నేర్చుకుంటూ ఉండాలని ఉందో అడుగుతాను. “పెద్దయ్యాక ఏమవుతావు” అనే ప్రశ్నను నేను పూర్తిగా మానేశాను. పద్దెనిమిదేళ్ల వయసులో దానికి నిజమైన జవాబు ఉన్నవారు తక్కువ, లేనివారు పెద్దలకు నచ్చే జవాబు వెతుక్కుంటారు.

కార్యక్రమాల్లో రెండు, మహా అయితే మూడు ఎంచుకోండి. ఎంపికకు పదవి గీటురాయి కాకూడదు. ఒక క్లబ్బుకు అధ్యక్షురాలన్న మాట ఆమె ఏం చేసిందో చెప్పదు. వారం వారం గ్రంథాలయంలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పిందన్న వాక్యం చెబుతుంది. ఇంకొక సంగతి నా మనసుకు చాలా దగ్గరిది. జీతానికి చేసిన పని, ఇంటి పని కూడా కార్యక్రమాలే. ఐస్‌క్రీం దుకాణంలో వేసవంతా నిలబడిన పిల్లవాడు, తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళితే తమ్ముణ్ణి బడి నుంచి తీసుకొచ్చి అన్నం పెట్టిన అమ్మాయి, అమ్మమ్మ ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా వైద్యుడికీ ఆమెకూ మధ్య దుబాసీగా కూర్చున్న మనవడు ఆ సంగతులను తమంత తాము చెప్పరు, అవి లెక్కలోకి రావనుకుంటారు. మీరే అడగాలి. తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఉద్యోగం చేసే అనుమతి ఉండదు కాబట్టి, ఉద్యోగానుభవం లేకపోవడాన్ని ఎవరి విషయంలోనూ లోటుగా చూడకూడదు. ఎవరి వీసా సంగతీ పరిచయంలో ఎక్కకూడదు.

స్పెల్లింగ్ బీ గురించి కూడా ఒక మాట. స్క్రిప్స్ జాతీయ పోటీ ఎనిమిదో తరగతి దాటనివారికే కనుక అది హైస్కూలు కార్యక్రమం కాదు. ఆ బహుమతుల వివరాలను తల్లిదండ్రులు ఎంతో ఇష్టంగా పంపుతారు, కాదనడం కష్టం. అయినా నాలుగేళ్ల కిందటి బహుమతి ముందు నిలబడితే, ఈ నాలుగేళ్లలో ఎదిగిన మనిషి వెనక్కు పోతాడు.

బిరుదుల విషయంలో జాగ్రత్తలు

పొరపాట్లు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. నేషనల్ మెరిట్ అనే జాతీయ స్కాలర్‌షిప్ పోటీలో గుర్తింపుకు పదకొండో తరగతి అక్టోబరులో రాసే పి.ఎస్.ఎ.టి. పరీక్ష ఆధారం. కమెండెడ్, సెమీఫైనలిస్ట్, ఫైనలిస్ట్ అనేవి వేర్వేరు మెట్లు. సెమీఫైనలిస్టులు దేశం మొత్తం మీద 16,000కు పైగా ఉంటారు, కమెండెడ్ గుర్తింపు వచ్చేవారు సుమారు 34,000 మంది. ఏ మెట్టో అడిగి తెలుసుకుని ఆ పేరే రాయాలి, అందరినీ విజేతలని రాస్తే నిజంగా స్కాలర్‌షిప్ వచ్చినవారికి అన్యాయం జరుగుతుంది. పన్నెండో తరగతిలో రాసిన ఎ.పి. పరీక్షల ఫలితాలు జూలైలో వస్తాయి కనుక, జూన్ సంచికలో ఆ మార్కులు ఉండే అవకాశమే లేదు. జి.పి.ఎ. (కోర్సుల గ్రేడుల సగటు) వేయకపోవడం మేలు, ఒక బడి 4.0 మీద లెక్కిస్తే మరొకటి కఠినమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపి 5.0 మీద లెక్కిస్తుంది. రెండు పరిచయాలు పక్కపక్కన పడగానే పాఠకులు పోల్చి చూస్తారు, ఆ పోలికకు అర్థం లేదు.

స్కౌట్ ఉద్యమంలో అత్యున్నత హోదా అయిన ఈగిల్ స్కౌట్ అన్న మాట కనిపిస్తే ఒక వాక్యం అదనంగా ఖర్చుపెట్టండి. 21 మెరిట్ బ్యాడ్జీలు సంపాదించి, ఊరికి పనికివచ్చే ఒక సేవా కార్యక్రమాన్ని స్వయంగా రూపొందించి, నలుగురిని కూడగట్టి, పద్దెనిమిదో పుట్టినరోజు లోపల పూర్తిచేస్తే వచ్చే హోదా అది. ఆ కార్యక్రమం ఏమిటో రాస్తే చాలు, బిరుదు బరువు దానంతట అదే తెలుస్తుంది. 2019 నుంచి అమ్మాయిలూ ఆ దారిలో ఉన్నారు కనుక, అబ్బాయిలనే అడగడం సరికాదు. అలాగే రెండు భాషల్లో ప్రావీణ్యానికి ఇచ్చే సీల్ ఆఫ్ బైలిటరసీ. కాలిఫోర్నియా 2011లో దీనికి చట్టం చేసింది, తరువాత ఎన్నో రాష్ట్రాలు అనుసరించాయి. తెలుగులో పరీక్ష రాసి ఈ ముద్ర పొందిన పిల్లలు మన మధ్యనే ఉన్నారు. మన సంచికే దాన్ని గుర్తించకపోతే ఇంకెవరు గుర్తిస్తారు? కూచిపూడి పిల్లల విషయంలో వారి గురువులు రంగప్రవేశం అంటారో అరంగేట్రం అంటారో కనుక్కుని ఆ మాటనే వాడాలి.

భవిష్యత్తు గురించి రాసేటప్పుడు

“మెడిసిన్‌లో సీటు వచ్చింది” అని రాసేముందు ఆగండి. ఇక్కడ మెడికల్ స్కూలు డిగ్రీ తరువాత నాలుగేళ్ల చదువు. పన్నెండో తరగతి నుంచి ప్రీ-మెడ్‌గా వెళ్లేవారు జీవశాస్త్రమో రసాయన శాస్త్రమో సంగీతమో ప్రధానాంశంగా తీసుకుని, వైద్యవిద్యకు కావలసిన కోర్సులను దానితోపాటు చదువుతారు. రెండింటికీ కలిపి ముందే ప్రవేశమిచ్చే బి.ఎస్.-ఎం.డి. వంటివి కొన్ని ఉన్నాయి. ఆ పిల్ల చేరింది అందులోనైతే ఆ మాట స్పష్టంగా రాయండి. న్యాయశాస్త్రమూ ఇంతే, డిగ్రీ తరువాత మూడేళ్లు. ఐవీ లీగ్ అన్నది ఎనిమిది విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి పేరు, స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి. అందులో లేవు. అసలు ఆ మాట వాడవలసిన అవసరమే లేదు, విద్యాసంస్థ పేరు రాస్తే సరిపోతుంది.

ఏం చదవాలో ఇంకా నిర్ణయించుకోని పిల్లలు ఉంటారు. ఎన్నో విశ్వవిద్యాలయాలు ప్రధానాంశాన్ని రెండో ఏడాది చివరి వరకు ప్రకటించనవసరం లేని ఏర్పాటుతోనే చేర్చుకుంటాయి, కాబట్టి దాచవలసింది ఏమీ లేదు. “చరిత్ర, గణితం రెండూ ఇష్టం; మొదటి ఏడాది రెండింటి కోర్సులూ తీసుకుని తేల్చుకుంటారు” అని రాస్తే నిండుగా ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి మారాలనుకునేవారిని, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా జీతం తీసుకుంటూ పని నేర్చుకోబోతున్నవారిని, సైన్యంలో చేరుతున్నవారిని, ఏడాది విరామం తీసుకుంటున్నవారిని కూడా అదే అక్షర పరిమాణంలో, అదే క్రమంలో, అంతే చోటులో వేయాలి. నేను పేర్ల అకారాది క్రమమే పాటిస్తాను. పేరున్న కళాశాలలను ముందు వేసిన సంచికలు చూశాను. చివరి పుటలోని పిల్లలు ఆ సంచికను ఇంట్లో దాచుకోలేదు.

ఆశయాన్ని రాసే వాక్యంలో ఒక చిన్న పని కనబడాలి. “సమాజానికి సేవ చేయాలన్నది లక్ష్యం” అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది. అదే పిల్ల, వినికిడి లేని తన అన్నయ్య కోసం సంజ్ఞా భాష నేర్చుకున్న సంగతీ, ఆడియాలజీ (వినికిడి సమస్యల శాస్త్రం) వైపు చూస్తున్న సంగతీ ఒక వాక్యంలో చేరిస్తే, అన్నయ్య అనుమతితోనే సుమా, ఆ లక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి తెలుస్తుంది.

క్రియారూపాల విషయంలో మాలో ఏటా చర్చ జరిగేది. “సాధించాడు, సాధించింది” అని రాస్తే ఇంటి పిల్లల్లా ఉంటారని కొందరి వాదన. అందరికీ “సాధించారు” అనే గౌరవ వాచకం వాడాలన్నది నా అభిప్రాయం. వారు పెద్దవాళ్లవుతున్న సందర్భం ఇది. పైగా తెలుగులో అమ్మాయికి వాడే “వచ్చింది” అన్న రూపమే బస్సుకూ వాడతాం, అబ్బాయికి మాత్రం వేరే రూపం ఉంది. బహువచనంతో ఆ తేడా పోతుంది. పేర్లను తెలుగులో ఎలా రాయాలో మాత్రం ఊహించకండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా కనబడేది తన్య కావచ్చు, తాన్యా కావచ్చు. దీర్ఘాలూ ఒత్తులూ ఇంట్లో అడిగి తెలుసుకోవాలి.

ఒక నమూనా చూడండి. మొదట నాకు అందిన రూపం ఇది: “డిబేట్ క్లబ్ అధ్యక్షుడు, టెన్నిస్ వర్సిటీ జట్టు, నేషనల్ ఆనర్ సొసైటీ సభ్యుడు, 200 గంటల స్వచ్ఛంద సేవ. కంప్యూటర్ సైన్స్ చదివి గొప్ప స్థాయికి ఎదగాలన్నది ఆశయం.” ఫోనులో మాట్లాడాక ఇలా మారింది: “తొమ్మిదో తరగతిలో నలుగురి ముందు నోరు విప్పలేక డిబేట్ క్లబ్బులో చేరారు. మొదటి ఏడాది ఒక్క పోటీ కూడా గెలవలేదు. గత రెండేళ్లుగా కొత్తగా చేరేవారికి శనివారాలు తనే శిక్షణ ఇస్తున్నారు. ఫుడ్ బ్యాంకులో సరుకుల లెక్క చేతితో రాసుకోవడం చూసి, వారికోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ శరదృతువులో కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నారు. ఆటల్లో టెన్నిస్ ఇష్టం.” నేషనల్ ఆనర్ సొసైటీ పోయింది, గంటల సంఖ్య పోయింది. అతని తల్లి ఆ రెండింటికోసం నాకు ఫోన్ చేశారు. కొడుకే వద్దన్నాడని చెప్పాక సరేనన్నారు.

ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, హాస్టల్ పేరు, స్కాలర్‌షిప్ మొత్తం అచ్చువేయకూడదు. పద్దెనిమిదేళ్లు నిండినవారి అనుమతి వారి దగ్గరే తీసుకోవాలి, నిండనివారికి తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. స్టూడియోలో తీయించిన సీనియర్ ఫొటోల మీద హక్కులు సాధారణంగా స్టూడియోవే కాబట్టి, అచ్చుకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే ఇంట్లో తీసిన ఫొటో అడగండి. పుట కూర్చాక ప్రతి పరిచయాన్నీ ఆ విద్యార్థికే పంపి, మూడు రోజుల గడువు ఇవ్వండి. తెలుగు చదవలేనివారికి ఫోనులో చదివి వినిపించండి. వినేటప్పుడు వారు “అది నేను కాదు” అన్న చోట ఎంత బాగా రాసిన వాక్యమైనా కొట్టేసి, వారు చెప్పింది మళ్లీ రాసుకుని, ఇంకొకసారి చదివి వినిపించాకే అచ్చుకు పంపండి.