సర్టిఫికెట్ చూసి పాత బేస్‌బాల్ వస్తువు కొనకండి

అమెరికాలో వేసవి వస్తే పాత బేస్‌బాల్ వస్తువుల మేళాలు, వేలాలు మొదలవుతాయి. 2025 జులైలో ఇండియానా రాష్ట్రంలో నకిలీ సంతకాల వ్యాపారంపై పోలీసులు సోదాలు చేసిన వార్త చదివే ఉంటారు. సంతకాలతో పాటు అవి అసలువేనని చూపడానికి పక్కన అంటించే హోలోగ్రామ్ స్టిక్కర్లు కూడా నకిలీవేనన్న మాట అప్పుడు బయటికొచ్చింది. ఆటగాళ్ల బొమ్మల కార్డులు దాటి పాత బంతులు, జెర్సీలు, టికెట్ల వైపు వస్తున్న మనవాళ్లు కొందరు నన్ను సలహా అడుగుతున్నారు. వారందరికీ నేను చెప్పేది ఒకటే. వస్తువును చూడకుండా, అది అసలుదని చెప్పే సర్టిఫికెట్‌ను నమ్మకండి.

కిందటేడు న్యూజెర్సీలో ఒక పెద్దాయన, 1920ల నాటి మేటి ఆటగాడు బేబ్ రూత్ సంతకం ఉన్న బంతి తెచ్చి చూపించారు. గాజు పెట్టె, బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్, నిండుగా సంతకం. బంతిని బయటికి తీసి తిప్పాను. కుట్ల పక్కన, అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ ముద్ర, దాని కింద లీగ్ అధ్యక్షుడిగా జోసెఫ్ క్రోనిన్ పేరు. క్రోనిన్ ఆ పదవిలోకి వచ్చింది 1959లో. రూత్ చనిపోయింది 1948లో. పదవీ విరమణ సొమ్ములోంచి డబ్బు తీసి కొన్నారాయన. సర్టిఫికెట్‌ను ఎన్నోసార్లు చదువుకున్నారు గానీ బంతిని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

బంతుల సంగతి

అధ్యక్షుడి పేరే బంతి వయసు చెబుతుంది. అమెరికన్ లీగ్‌లో 1931 నుంచి విల్ హారిడ్జ్, 1959 నుంచి 1973 దాకా క్రోనిన్. రెండో లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో 1951 నుంచి 1969 దాకా వారెన్ గైల్స్. తరువాత సిరా చూడండి. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 చివర్లో. రూత్ జట్టులోనే ఆడిన లూ గెరిగ్ 1941లోనే కన్నుమూశారు, కాబట్టి ఆ పెన్నుతో ఆయన సంతకం ఉంటే అది నకిలీ. జట్టు మొత్తం సంతకం చేసిన బంతి అయితే మరింత జాగ్రత్త. పెద్ద ఆటగాళ్ల బదులు డ్రెస్సింగ్ రూమ్ కుర్రాళ్లు సంతకాలు చేసిపెట్టడం అప్పట్లో మామూలే. బంతి అసలుదే అయినా సంతకం ఆ కుర్రాళ్లది కావచ్చు.

సర్టిఫికెట్ల సంగతి

శాన్‌డియాగోలో ఎఫ్‌బీఐ 1990లలో నకిలీ సంతకాలపై నడిపిన ఆపరేషన్ బుల్‌పెన్ అనే దర్యాప్తులో పట్టుబడిన వాళ్లు సంతకాలే కాదు, సర్టిఫికెట్లూ తామే తయారు చేసుకున్నారు. మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా అక్కడ దొరికాయి. తన పేరుతో అమ్ముతున్న సంతకాలు తనవి కావని చెప్పినవారిలో శాన్‌డియాగో జట్టు ఆటగాడు టోనీ గ్విన్ ఒకరు. ఆ రెండు లీగులూ కలిసిన మేజర్ లీగ్ తన మనుషుల ఎదుటే జరిపించే ధ్రువీకరణ 2001లో గానీ మొదలు కాలేదు. అంతకు ముందటి వస్తువుకు ఇచ్చే సర్టిఫికెట్ చాలావరకు ఒకరి అభిప్రాయమే. ఆ అభిప్రాయం ఇచ్చినవారు ఎవరో, వస్తువును చేత్తో పట్టుకుని చూశారో లేదో అడగండి.

జెర్సీలు, కాగితాలు

న్యూయార్క్ జట్టు యాంకీస్ జెర్సీ మీది నిలువు చారలు భుజం కుట్టు దగ్గర ఎక్కడ కలుస్తాయో, అంకె అంచును ఎక్కడ తాకుతాయో ఏ రెండు జెర్సీలకూ ఒకేలా ఉండదు. ఆటగాడు దాన్ని వేసుకున్న ఆనాటి పత్రికా ఫొటో పక్కన పెట్టి పోల్చండి. పోలిక కుదరకపోతే ‘ఆటలో వాడినది’ అనే మాటకు డబ్బు ఇవ్వకండి.

అతినీలలోహిత టార్చి ఒకటి జేబులో ఉంచుకోండి. 1920ల నాటి మ్యాచ్ ప్రోగ్రాం పుస్తకం ఆ వెలుగులో నీలంగా మెరిసిందంటే కాగితం కొత్తది. జెర్సీ మెరిస్తే మాత్రం తొందరపడకండి, సబ్బుపొడితో ఉతికినా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన అసలుదని కూడా అనుకోకండి.

మేజర్ లీగ్‌లో నల్లజాతివారికున్న అడ్డుగోడను దాటిన జాకీ రాబిన్‌సన్ 1947 ఏప్రిల్ 15న ఆడిన తొలి మ్యాచ్ టికెట్ ముక్క 2022లో 4,80,000 డాలర్లకు అమ్ముడైంది. అందుకే పాత టికెట్లకు నకళ్లు పుడుతున్నాయి. చాలా టికెట్ల మీద తేదీ ఉండదు, మ్యాచ్ సంఖ్యే ఉంటుంది. ఆ ఏటి షెడ్యూలుతో సరిచూడండి.

ఇక మిగిలినవి.

బంతిని రబ్బరుతో రుద్దకండి. వార్నిష్ పూయకండి. వెలిసిన సంతకం మీద పెన్ను పెట్టకండి.
టికెట్‌కు లామినేషన్ వద్దు, టేపు వద్దు.
సెల్యులాయిడ్ బ్యాడ్జీని నీళ్లతో కడగకండి, లోపల ఉన్నది కాగితం.
కిటికీ దగ్గర పెట్టకండి, ఎండకు సిరా పోతుంది.
విశాఖ లాంటి తేమ ఊరికి తీసుకెళ్తే ఉన్ని జెర్సీని ప్లాస్టిక్ సంచిలో బిగించకండి, బూజు పడుతుంది.
‘మా తాతగారి అటక మీద దొరికింది’ అనే కథకు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకండి.
నకిలీ అని తేలితే డబ్బు వెనక్కిస్తానని రాయించుకోండి. నోటిమాట చాలదు.
మళ్లీ చెబుతున్నాను, సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి ముందు వస్తువు చూడండి.
పెట్టెలోంచి బంతిని తీసి చేతికివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.