జమ అయిందని ఈమెయిల్ వచ్చినప్పుడు: ఆన్‌లైన్‌లో అమ్మేవారు చూసుకోవలసినవి

అనంతపురంలో కూర్చుని ధర్మవరం పట్టుచీరలు, నిమ్మలకుంట తోలుబొమ్మల దీపాలు ఫోటోలు పెట్టి అమ్మే మాబోటివారికి బేరం రావడం ఇప్పుడు కష్టం కాదు, వచ్చిన బేరం నిజమైనదా కాదా అని తేల్చుకోవడమే కష్టం. కొన్నాళ్ల కిందట హైదరాబాదు నుంచి రాస్తున్నానంటూ ఒకరు రెండు పెద్ద తోలు దీపాలను నేను చెప్పిన ధరకే తీసుకుంటామన్నారు. ఒక్క మాటైనా బేరమాడకుండా కొనేవారు మా ఊళ్లో కనబడరు కాబట్టి నేను అక్కడే అనుమానించి ఉండవలసింది. ఆ సాయంత్రమే ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. నాకు రావలసిన 14,800 రూపాయలు తమ వద్ద సిద్ధంగా ఉన్నాయనీ, పార్సిల్ రశీదు నంబరు పంపగానే ఖాతాకు విడుదల చేస్తామనీ దాని సారాంశం. నీలిరంగు గుర్తు, కింద చిన్న అక్షరాల్లో షరతులు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆర్టీసీ కార్గోలో వేయడానికి అట్టపెట్టెను బండికి కట్టిన తర్వాత, ఎందుకో పంపినవారి పేరు మీద వేలు పెట్టి చూస్తే, ఆ పేరు వెనుక ఉన్నది ఎవరైనా తెరవగలిగే మామూలు జీమెయిల్ చిరునామా. పెట్టె మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశం లోపల జరిగే చెల్లింపుల సేవను ఆపివేసిందని, విదేశీ కొనుగోలుదారులు పంపే సొమ్మునే అది మనకు చేరుస్తుందని నాకు ఆ తర్వాత తెలిసింది. అంటే హైదరాబాదు కొనుగోలుదారు అనే మాటే ఆ ఉత్తరాన్ని అబద్ధం చేస్తున్నది. ఏ సంస్థ అయినా నిజంగా సొమ్మును కొంతకాలం నిలిపి ఉంచితే, ఆ సంగతి మనం లాగిన్ అయిన ఖాతాలో కనిపిస్తుంది. ఈమెయిల్‌లో ఉండి ఖాతాలో లేని సొమ్మును రానట్టుగానే లెక్క వేసుకోవాలి. అందుచేత ఉత్తరంలోని లింకును నొక్కకుండా, యాప్‌ను మనమే తెరిచి గాని, చిరునామాను మనమే టైపు చేసి గాని చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు మన బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలు ఇప్పుడు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అని ముగుస్తాయి కాబట్టి, మరొక తోక ఉన్న బ్యాంకు పేజీలో పాస్‌వర్డు ఇవ్వకూడదు. ఇంకా సందేహముంటే జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకుంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు వరుసలు వస్తాయి, ఉత్తరం తాను చెప్పుకునే చోటు నుంచే వచ్చిందా అని చేసే పరీక్షల ఫలితాలు అవి. వాటిలో ‘ఫెయిల్’ అని ఉంటే ఆ ఉత్తరాన్ని నమ్మవద్దు. మూడూ ‘పాస్’ అని ఉంటే మాత్రం అది చిరునామాలో @ తర్వాత ఉన్న పేరు గల చోటు నుంచే వచ్చిందని అర్థం, పంపినవాడు మంచివాడని కాదు.

యూపీఐ విషయంలో చెప్పవలసింది తక్కువ. చెల్లించినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను, అందులోని 12 అంకెల లావాదేవీ నంబరుతో సహా, నకిలీ యాప్‌లు క్షణంలో తయారు చేస్తాయి. ఆ నంబరు మన బ్యాంకు స్టేట్‌మెంటులో దొరికితేనే సరుకు గడప దాటాలి. సొమ్ము తీసుకోవడానికి క్యూఆర్ కోడ్‌ను మనం స్కాన్ చేయడం గాని, పిన్ కొట్టడం గాని ఎన్నడూ అవసరం ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ మంది చిక్కుకునేది ‘ఎక్కువ పంపాము’ అనే మోసంలో. 9,500 రూపాయల చీరకు 95,000 జమ అయినట్టు మొబైలుకు మెసేజ్ వస్తుంది, వెంటనే ఫోను మోగుతుంది: “అన్నా, మా పిల్లోడు ఒక సున్నా ఎక్కువ కొట్టినాడు, మిగతాది ఈ నంబరుకు పంపించన్నా, ఆస్పత్రిలో ఉండాం.” ఆ మెసేజ్ పది అంకెల మామూలు నంబరు నుంచి వచ్చి ఉంటే అది బ్యాంకు పంపింది కాదు, బ్యాలెన్సు చూస్తే పెరిగి ఉండదు కూడా. ఒకవేళ సొమ్ము నిజంగానే పడి ఉంటే మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే అది మరెవరో మోసపోయిన మనిషి ఖాతా నుంచి వచ్చినదై ఉండవచ్చు. ఆ మనిషి ఫిర్యాదు చేసిన రోజున సొమ్ము నడిచిన దారిలోని ఖాతాలన్నిటిలో ఆ మొత్తాన్ని, ఒక్కొక్కసారి ఖాతానే, స్తంభింపజేస్తారు. మగ్గం కూలీ ఇవ్వవలసిన రోజునే ఖాతా ఆగిపోతే ఎలా ఉంటుందో నేతవారికి చెప్పనక్కరలేదు. కాబట్టి వారు చెప్పిన కొత్త నంబరుకు పైసా కూడా పంపకుండా, వచ్చిన ఖాతాకే తిప్పి పంపమని మన బ్యాంకు శాఖకు రాతపూర్వకంగా కోరి, ఆ కాగితం నకలు మీద ముద్ర వేయించుకోవాలి. బిల్లు, కొరియరు రశీదు, వాట్సాప్ సంభాషణ భద్రంగా ఉంచుకుంటే, ఖాతా ఆగినప్పుడు మనం సరుకు అమ్మినవారమేనని చూపించడానికి అవే ఆధారం.

దుకాణం ఈమెయిల్‌లోకే దొంగ చొరబడే సందర్భమూ ఉంది. అతడు మన పేరుతోనే పాత కొనుగోలుదారుకు “మా బ్యాంకు ఖాతా మారింది” అని రాసి సొమ్మును దారి మళ్లిస్తాడు, వచ్చే జవాబులు మన కంటపడకుండా దాచే నియమాలూ పెడతాడు. జీమెయిల్ సెట్టింగుల్లో ‘ఫిల్టర్లు’, ‘ఫార్వార్డింగ్’ భాగాలను అప్పుడప్పుడు తెరిచి, మనం పెట్టని నియమం ఏదైనా ఉంటే తొలగించి, పాస్‌వర్డు మార్చి, రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డు తర్వాత మరొక రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోవాలి. ఖాతా వివరాలు మారితే ఫోను చేసి చెబుతామే తప్ప ఈమెయిల్‌లో రాయబోమని బిల్లు మీదే అచ్చు వేయించడం నాకు బాగా పనికివచ్చింది.

సొమ్ము పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. సొమ్ము మోసగాడి చేతికి అందకముందే దారిలో ఆపడానికి అవకాశం ఉండేది ఆ తొలి గంటల్లోనే. లావాదేవీ నంబరు, తేదీ, సొమ్ము వెళ్లిన ఖాతా లేదా యూపీఐ ఐడీ ముందుగా కాగితం మీద రాసి పెట్టుకుని మాట్లాడితే సమయం ఆదా అవుతుంది. తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకు కూడా రాసి ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా మూడోవారి వల్ల సొమ్ము పోయినప్పుడు, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు తెలియజేస్తే నష్టం మన మీద పడదు. పిన్ మనమే ఇచ్చి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం మనదే. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకు ఎవరో ఫోను చేసి, పోయిన సొమ్ము మంజూరైందనీ, ముందుగా రెండు వేల రూపాయల ఫీజు కట్టాలనీ చెప్పవచ్చు. ఫిర్యాదు నంబరు కూడా వారే చదివి వినిపించినా సరే, 1930 సేవకు ఫీజు లేదు కాబట్టి, ఏమీ కట్టకుండా, ఫోను చేసినవారి నంబరును కూడా ఫిర్యాదుకు జతచేయాలి.